బండి ఆగిపోతే ఎవరొస్తరు? మోటార్‌హోమ్‌కు బ్రేక్‌డౌన్ కవర్ తీసుకునే ముందు ఇది వినండి

పోయిన ఎపిసోడ్‌లో మా వ్యాన్ లోపల మంచాలు, స్టవ్, చిన్న ఫ్రిజ్ ఎట్లా పెట్టించామో చూపించా కదా. అది చూసి చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఇంత పెద్ద బండి దారి మధ్యలో ఆగిపోతే ఏం చేస్తరు?" అని. దాని గురించే ఈరోజు ఎపిసోడ్. నాకు ఒకసారి గట్టిగానే తగిలింది కాబట్టి, ఆ రాత్రి ఏం జరిగిందో ముందు చెప్తా. కవర్ ఎట్లా ఎంచుకోవాలో ఆ తర్వాత చెప్తా.

కొత్తగా చూసేవాళ్ల కోసం ఒక మాట. షూటింగుల్లో హీరోలు కూర్చునే క్యారవాన్ తెలుసు కదా, మోటార్‌హోమ్ దానికి చిన్న తమ్ముడు లాంటిది. మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ట్రావెలర్ వ్యాన్. సీట్లు తీసేసి పడకలు వేసిన బండి. మా ఊరు నల్లగొండ జిల్లా దామరచర్ల. నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ మీదుగా అద్దంకి వెళ్లే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. హైదరాబాద్ నుంచి నెల్లూరు, తిరుపతి వెళ్లేవాళ్లు చాలామందికి ఈ రోడ్డు తెలుసు. మా ఊరు దాటి కొంచెం ముందుకెళ్తే వాడపల్లి. అక్కడ మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. కృష్ణ మీద బ్రిడ్జి దాటితే అటు పక్క పొందుగుల. అది ఆంధ్రప్రదేశ్‌లో పల్నాడు జిల్లా. అంటే మా ఇంటికీ వేరే రాష్ట్రానికీ మధ్య ఒక్క బ్రిడ్జే. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే ఉంది.

మే నెల. నాయిన, అమ్మ, చెల్లె, నేను తిరుపతి వెళ్లి తిరిగొస్తున్నాం. పిడుగురాళ్ల దాటాం, దాచేపల్లి దాటాం. చీకటి పడుతోంది. నాయినకు షుగర్. రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటాడు. "ఇంకో అరగంటలో ఇంట్లో ఉంటం కదరా, ఇంజెక్షన్ వేసుకుంట, పోంగనే బువ్వ తింట" అన్నాడు. అమ్మ ఫ్రిజ్‌లోంచి తీసిచ్చింది. వేసుకున్నాడు.

పది నిమిషాలు కూడా కాలేదు. బానెట్ కింద నుంచి టప్ అని సౌండ్. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ లైట్ వెలిగింది. వెంటనే హీట్ ముల్లు పైకి లేచింది. పక్కకు తీసి ఆపేసరికి ముందు నుంచి ఆవిరి. ఫ్యాన్ బెల్ట్ తెగింది. మా బండిలో ఆ ఒక్క బెల్టే ఇంజిన్‌లో నీళ్లు తిప్పే పంపునూ, బ్యాటరీ ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నూ తిప్పుతుంది. అది పోయాక బండి నడిపితే ఇంజిన్ సీజ్ అవుతుంది. కాబట్టి కదలడానికి లేదు. మేమున్నది పొందుగుల దగ్గర. నది దాటితే మా మండలం. ఇల్లు పదిహేను కిలోమీటర్ల లోపే.

నేనేం టెన్షన్ పడలేదు. ఎందుకంటే నా దగ్గర ఆర్‌ఎస్‌ఏ ఉంది కదా! ఆర్‌ఎస్‌ఏ అంటే రోడ్‌సైడ్ అసిస్టెన్స్. బండి దారిలో ఆగిపోతే ఫోన్ చేస్తే మనిషిని పంపే కవర్. ఫోన్‌లో ఇన్సూరెన్స్ రెన్యువల్ చేసేటప్పుడు కింద ఒక చిన్న డబ్బా కనిపించింది. ఐదొందల లోపే. టిక్ పెట్టా, పే చేశా. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఏం కొన్నానో ఒక్క లైన్ చదవలేదు.

కాల్ చేశా. పది నిమిషాలు మ్యూజిక్ విన్నా. తర్వాత ఒకాయన మర్యాదగానే మాట్లాడాడు. లొకేషన్ పంపించా. "సర్, మా లిస్టులో మీకు దగ్గర ఉన్న గ్యారేజీ నరసరావుపేట వైపు ఉంది. అక్కడికి టో చేస్తాం. మొదటి 25 కిలోమీటర్లు ఫ్రీ, తర్వాత కిలోమీటర్‌కు ఛార్జ్ ఉంటుంది" అన్నాడు. "సార్, మా ఇల్లు నది అవతలే, మిర్యాలగూడలో కావాల్సినంత మంది మెకానిక్‌లు ఉన్నరు, అటు తీసుకపోండి" అన్నా. "మా వెండర్ స్టేట్ బోర్డర్ దాటడు సర్" అన్నాడు. "మరి ఇంట్లోవాళ్లు? పెద్దాయనకు షుగర్ ఉంది" అన్నా. "మీ ప్లాన్‌లో ప్యాసింజర్లకు క్యాబ్ లేదు సర్. బండిని మాత్రమే కవర్ చేస్తుంది" అన్నాడు.

ఆ చివరి మాటతో నాకు దిమ్మ తిరిగింది. మామూలు కారు ఆగిపోతే మనం దిగి ఆటో ఎక్కి ఇంటికి పోతాం. మోటార్‌హోమ్ అట్లా కాదు. పడక, వంట, మందులు, నీళ్లు అన్నీ దాంట్లోనే. బండిని తీసుకపోతే మన ఇల్లు తీసుకపోయినట్టే. మేము మాత్రం రోడ్డు మీద నిలబడాలి.

సరే, ముందు క్రేన్ రానీ అనుకున్నా. రెండు గంటలకు వచ్చింది. చూస్తే కార్లు లాగే చిన్న క్రేన్. ముందు చక్రాల కింద పెట్టి ఎత్తే రకం. ఆ అబ్బాయి దిగి మా వ్యాన్ చుట్టూ ఒక రౌండ్ వేసి, తల అడ్డంగా ఊపాడు. "అన్నా, నాకు కారు అని చెప్పారు. ఈ బరువు నా బండి ఎత్తదు. ఎత్తినా చైన్ తెగుద్ది. నా వల్ల కాదన్నా" అన్నాడు. అతని తప్పేం లేదు. నేను కొన్నదే కారు ప్లాన్.

ఈ గొడవలో నాయినను మర్చిపోయా. చెల్లె గట్టిగా పిలిచింది. వెళ్లి చూస్తే నాయిన చొక్కా మొత్తం తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. మాట తేడాగా వస్తోంది. ఇన్సులిన్ వేసుకుని రెండు గంటలు దాటింది, అన్నం తినలేదు. షుగర్ డౌన్ అయింది. బండిలో బియ్యం ఉంది, గ్యాస్ ఉంది, పప్పు ఉంది. కానీ ఆ నిమిషంలో వండే టైమ్ ఎక్కడిది? అమ్మ సంచిలోంచి తిరుపతి లడ్డూ తీసి, చక్కెర నీళ్లు కలిపి, కొంచెం కొంచెం పెట్టింది. పది, పదిహేను నిమిషాలకు నాయిన కళ్లు తేటపడ్డాయి. "బిడ్డా, ఇల్లు ఇంకెంత దూరం?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నది అవతల లైట్లు కనిపిస్తున్నాయి.

ఇక్కడ ఒక్క నిమిషం. షుగర్ ఉన్నవాళ్లతో ప్రయాణం చేసేవాళ్లు వినండి. ఇట్లా చెమటలు, వణుకు వస్తే వెంటనే చక్కెర గానీ గ్లూకోజ్ గానీ ఇవ్వాలి, తర్వాత అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, 108కి కాల్ చేయండి. ఈ నంబర్ రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది.

తర్వాత ఏమైందంటే, ఆ క్రేన్ అబ్బాయే సలహా చెప్పాడు. "మీది మిర్యాలగూడ సైడు కదా, అక్కడ లారీ మెకానిక్ ఎవరూ తెలీదా?" అన్నాడు. నిజమే కదా! మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు. మిల్లులున్న చోట లారీలు. వాడపల్లి, విష్ణుపురం వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్నాయి, ఆ లారీలు వేరే. అర్ధరాత్రి లేచి పనిచేసే మెకానిక్‌లు మా దగ్గర లేక కాదు, నా ఫోన్‌లో ఒక్కరి నంబర్ లేక. మా బాబాయికి ఫోన్ చేస్తే ఆయన ఒక మెకానిక్‌ను పట్టుకున్నాడు. బెల్ట్ ఫోటో వాట్సాప్‌లో పంపించా. ఆయన అదే సైజు బెల్ట్ తీసుకుని బైక్ మీద వచ్చాడు. ఇంజిన్ చల్లారాక బెల్ట్ వేసి, రేడియేటర్‌లో నీళ్లు నింపి, ఇరవై నిమిషాల్లో స్టార్ట్ చేశాడు. "తమ్మీ, స్పేర్ బెల్ట్ ఒకటి బండిల పెట్టుకోవాలె. ఇంత దానికి క్రేన్ ఎందుకు?" అన్నాడు. ఇంటికి వచ్చేసరికి పన్నెండు దాటింది.

ఆ రాత్రి నాకు అర్థమైంది ఒకటే. కవర్ ఉందా లేదా అనేది అసలు ప్రశ్న కాదు. వచ్చే క్రేన్ మన బండిని ఎత్తగలదా, ఎత్తి ఎటు తీసుకపోతది, అప్పుడు మన మనుషులు ఎక్కడ ఉంటారు? ఈ మూడు తెలియకుండా కొన్నది కవర్ కాదు, ఉత్త ఫోన్ నంబర్.

ఇప్పుడు కొనే సంగతి చూద్దాం. ముందు ఒక అపోహ తీసేద్దాం. "నాకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, బండి ఆగిపోతే వాళ్లే చూసుకుంటారు" అని చాలామంది అనుకుంటారు. కాదు. థర్డ్ పార్టీ పాలసీ చట్ట ప్రకారం తప్పనిసరి, కానీ అది మన వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి. కాంప్రహెన్సివ్ పాలసీలో మన బండికి యాక్సిడెంట్, దొంగతనం, అగ్నిప్రమాదం, వరద లాంటివి ఉంటాయి. అందులో కూడా మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ కవర్ కాదని మామూలు పాలసీ కాగితం మీదే రాసి ఉంటుంది. బెల్ట్ తెగడం, గేర్‌బాక్స్ పోవడం, బ్యాటరీ చచ్చిపోవడం, ఇవన్నీ దాని బయటే. అందుకే ఆర్‌ఎస్‌ఏ విడిగా తీసుకోవాలి.

ఈ ఆర్‌ఎస్‌ఏ మూడు దారుల్లో దొరుకుతుంది. ఒకటి, ఇన్సూరెన్స్ పాలసీతో పాటు యాడ్-ఆన్‌గా. ఎక్కువగా కాంప్రహెన్సివ్ ఉంటేనే ఇస్తారు. రెండు, బండి తయారుచేసిన కంపెనీ ఇచ్చేది. కొత్త బండికి వారంటీతో కొన్నేళ్లు వస్తుంది, తర్వాత డబ్బు కట్టి పొడిగించుకోవచ్చు. కానీ మనం లోపల వైరింగ్ మార్చి, రెండో బ్యాటరీ పెట్టి, పైన సోలార్ ప్యానెల్ వేస్తే వాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే అడగాలి. మూడు, కేవలం ఈ సర్వీస్ కోసమే ఉండే కంపెనీల మెంబర్‌షిప్. ఇది ఇన్సూరెన్స్ కాదు, సర్వీస్ ఒప్పందం. ఈ తేడా ఫిర్యాదు చేసేటప్పుడు పనికొస్తుంది, చివర్లో చెప్తా.

ఏ దారిలో కొన్నా పే బటన్ నొక్కే ముందు ఐదు ప్రశ్నలు అడగండి.

మొదటి ప్రశ్న, నా బండి మీ లెక్కలో ఏంటి? ఆర్‌సీ తీయండి. డిజిలాకర్‌లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ ఉంటుంది. అందులో వాహనం తరగతి, బరువు చూడండి. తర్వాత టేపు పట్టుకుని ఎత్తు, పొడవు కొలవండి. పైన సోలార్ ప్యానెల్, ఏసీ ఉంటే వాటితో కలిపి కొలవాలి. ఈ నాలుగూ చెప్పి, "ఈ బండికి ఎట్లాంటి క్రేన్ పంపిస్తారు?" అని అడగండి. ప్రైవేట్ కారు ప్లాన్ వేరు, కమర్షియల్ బండి ప్లాన్ వేరు. ఇంకోటి, వెనక చక్రాలతో నడిచే బండిని ముందు ఎత్తి దూరం లాగితే వెనక షాఫ్ట్ తిరుగుతూ గేర్‌బాక్స్ దెబ్బతినొచ్చు. షాఫ్ట్ విప్పాలి, లేదంటే మొత్తం బండిని పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ రావాలి. కాబట్టి ఫ్లాట్‌బెడ్ ఉందా అని కచ్చితంగా అడగండి.

రెండో ప్రశ్న, ఎటు తీసుకపోతారు, ఎంత దూరం ఫ్రీ? "దగ్గర గ్యారేజీ" అంటే మనకు దగ్గరా, వాళ్ల లిస్టులో దగ్గరా? రాష్ట్రం దాటతారా? దామరచర్ల, కోదాడ, ఇట్లా బోర్డర్ పక్కన ఉండేవాళ్లకు ఇది ప్రాణం లాంటి ప్రశ్న. కోదాడ నుంచి కొంచెం ముందుకెళ్తే విజయవాడ రోడ్డు ఆంధ్రలోకి పోతుంది. ఎక్కడ ఆగినా మన మెకానిక్ ఉన్న వైపు టో చేయించుకునే హక్కు ఉందా, ఎక్స్‌ట్రా కిలోమీటర్‌కు ఎంత అని అడగండి. మా ఊరు హైదరాబాద్ నుంచి 150 కిలోమీటర్ల పైనే. సిటీ నుంచి ఇన్ని కిలోమీటర్ల లోపే అనే రూల్ ఉన్న ప్లాన్ మాకు ఎందుకూ పనికిరాదు.

మూడో ప్రశ్న, మనుషుల సంగతేంటి? క్యాబ్ ఇస్తారా? రాత్రి ఆగితే హోటల్ ఇస్తారా? ఎంతమందికి, ఎంత వరకు? కొన్ని ప్లాన్‌లలో ఇవి ఉంటాయి, కానీ ఇంటి నుంచి ఇంత దూరం దాటితేనే అని షరతు పెడతారు. ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు, రోజూ మందులు వాడేవాళ్లు ఉంటే ముందు ఈ లైనే చదవండి.

నాలుగో ప్రశ్న, ఏది ఫ్రీ, దేనికి డబ్బులు? పంక్చర్‌కు స్టెప్నీ మార్చడం, బ్యాటరీ జంప్ స్టార్ట్, డీజిల్ అయిపోతే కొన్ని లీటర్లు తెచ్చివ్వడం, తాళం లోపల పడిపోతే తీయడం, చిన్న రిపేర్, టోయింగ్. మామూలుగా ఇవి ఉంటాయి. కానీ డీజిల్ ఖర్చు, స్పేర్ పార్టుల ఖర్చు చాలా వరకు మనదే. ఏడాదికి ఎన్నిసార్లు పిలవొచ్చో కూడా లెక్క ఉంటుంది. ఫ్రిజ్, ఇన్వర్టర్, నీళ్ల పంపు పాడైతే వీళ్లు రారు, అది బండి బ్రేక్‌డౌన్ కాదు. చాలామందికి ఇంకో భయం, ఆర్‌ఎస్‌ఏ వాడుకుంటే నో క్లెయిమ్ బోనస్ పోతుందేమో అని. మామూలుగా పోదు. అది రిపేర్ క్లెయిమ్ కాదు, సర్వీస్. అయినా ఒకసారి అడిగి పెట్టుకోండి.

ఐదో ప్రశ్న, లోపల చేసిన మార్పులు ఒప్పుకుంటారా? ఇది అసలు దాచొద్దు. బండిని కంపెనీ ఒరిజినల్‌గా ఇచ్చిన దానికి తేడా వచ్చేట్టు మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మార్పులకు ఆర్‌టీఓ అనుమతి ఉండాలి, ఆర్‌సీలో ఎక్కాలి, పాలసీలో కూడా చెప్పాలి. లేకపోతే ప్రీమియం కట్టి కూడా క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటాం.

అద్దెకు తీసుకునే ఫ్రెండ్స్‌కు ఒక మాట. సెల్ఫ్ డ్రైవ్ అద్దె బండికి నల్ల నంబర్ ప్లేట్ మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేట్ ప్రైవేట్ బండిని ఎవరైనా అద్దెకిస్తే, తక్కువ రేటని ఆశపడొద్దు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పెద్ద తలనొప్పి. ఆర్‌ఎస్‌ఏ కాగితం మీ వాట్సాప్‌కు పంపించమని, బండి ఆగిపోతే టోయింగ్ ఖర్చు ఎవరిదో అగ్రిమెంట్‌లో రాయమని అడగండి.

ఇక నేను చేసిన చిన్న టెస్ట్. ఈసారి రెన్యువల్‌కు ముందు హెల్ప్‌లైన్‌లకు నేనే కాల్ చేశా. "నేను వాడపల్లి బ్రిడ్జి దగ్గర ఉన్నా అనుకోండి, టైమ్ రాత్రి తొమ్మిది, బండి బరువు ఇంత, ఎత్తు ఇంత, నలుగురం ఉన్నాం. ఏం పంపిస్తారు? ఎటు తీసుకపోతారు?" అని అడిగా. ఒకచోట "అన్నీ కవర్ అవుతాయి సర్" అని ఒకటే మాట. ఇంకోచోట అమ్మాయి ఐదు నిమిషాలు ఆగమని, కనుక్కుని చెప్పింది. దాన్ని ఈమెయిల్‌లో పంపమంటే పంపింది. నేను ఆ ప్లాన్‌నే తీసుకున్నా. పాత దానికంటే రేటు చాలా ఎక్కువే. కానీ క్రేన్ రకం, దూరం, క్యాబ్ మూడూ రాతలో ఉన్నాయి. మీరూ ఇట్లానే రాతలో అడగండి. ఫోన్‌లో విన్న మాట రోడ్డు మీద పనికిరాదు.

కవర్ ఎంత మంచిదైనా వచ్చేదాకా టైమ్ పడుతుంది. అప్పటిదాకా మనల్ని మనమే చూసుకోవాలి. బండిని వీలైనంత పక్కకు తీసి, హజార్డ్ లైట్లు వేసి, వెనక దూరంగా ట్రయాంగిల్ బోర్డు పెట్టండి. అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడండి. మా రోడ్డు మీద రాత్రిళ్లు లారీలు ఎట్లా వస్తాయో తెలిసినవాళ్లకు తెలుసు. గ్యాస్ సిలిండర్ వాల్వ్ బంద్ చేయండి. సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే హైదరాబాద్–విజయవాడ రోడ్డు లాంటి నేషనల్ హైవే మీద ఉంటే 1033కి కాల్ చేయండి. మా నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు స్టేట్ హైవే, ఇక్కడ టోల్ వాళ్ల హెల్ప్‌లైన్ వేరు. ఫాస్టాగ్ వచ్చాక ఎవరూ రసీదు చూడటం లేదు కదా, టోల్ గేట్ దగ్గర బోర్డు మీద ఉన్న నంబర్‌ను పక్కనున్నవాళ్లతో ఒక ఫోటో తీయించి పెట్టుకోండి. టోల్ క్రేన్ సాధారణంగా బండిని రోడ్డు మీద నుంచి పక్కకు చేరుస్తుంది, ఇంటిదాకా తీసుకపోదు. అయినా ప్రాణం ముఖ్యం కదా.

డబ్బు కట్టాక సర్వీస్ ఇవ్వకపోతే? యాడ్-ఆన్ అయితే ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పని కాకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్ ఉంది, ఫోన్ నంబర్ 155255. విడి మెంబర్‌షిప్ అయితే అది ఇన్సూరెన్స్ కాదు కాబట్టి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. ఇందాక తేడా గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

ఇప్పుడు మా బండిలో స్పేర్ బెల్ట్ ఉంది. మిర్యాలగూడలో ఇద్దరు, కోదాడలో ఒకరు, పిడుగురాళ్లలో ఒకరు, మెకానిక్‌ల నంబర్లు నా ఫోన్‌లోనూ చెల్లె ఫోన్‌లోనూ ఉన్నాయి. నాయిన సీటు పక్క డబ్బాలో గ్లూకోజ్ ప్యాకెట్, బిస్కెట్లు ఉంటాయి. ఆయన రూల్ కూడా మారింది. బువ్వ ముందు కనబడితేనే ఇంజెక్షన్. మొన్న శ్రీశైలం పోదాం అన్నప్పుడు కొత్త ప్లాన్ కాగితం ఆయనకు చూపించా. మొత్తం చదివించుకున్నాడు. "బండిని కాదు, మమ్మల్ని గూడ తీస్కపోతరని రాసిండ్రా?" అని అడిగాడు. "రాసిండ్రు నాయినా" అన్నా. "అయితే పోదాం పా" అన్నాడు.

ఫ్రెండ్స్, ఇంట్లో బండి ఉన్నవాళ్లు ఈరోజే పాలసీ తెరిచి ఈ ఐదు ప్రశ్నలకు జవాబు ఉందో లేదో చూడండి. మోటార్‌హోమే కానక్కర్లేదు, నాయిన నడిపే కారైనా, బాబాయి ట్రాలీ అయినా సరే. ఈ వీడియో వాళ్లకు పంపించండి. వచ్చే ఎపిసోడ్‌లో శ్రీశైలం ట్రిప్ చూపిస్తా. అప్పటిదాకా జాగ్రత్తగా నడపండి. ఉంటా మరి, నమస్తే.